మీ ఊరి దిగుడుబావిని మళ్ళీ బతికించుకోవడం ఎలా: మొదటి కొలత నుంచి మొదటి వానాకాలం దాకా

"మా ఊళ్ళో పాత మెట్లబావి ఉంది. చెత్తతో నిండిపోయింది. కుర్రాళ్ళం పది మందిమి కలిసి బాగుచేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంటుంది. వెంట ఒక ఫోటో కూడా వస్తుంది. చాలా ఫోటోల్లో జేసీబీ అప్పటికే గట్టు మీదికి వచ్చేసి ఉంటుంది. అది చూడగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. వందల ఏళ్ళు నిలిచిన గోడను ఒక్క పూటలో కూల్చేయొచ్చు, అదీ మంచి ఉద్దేశంతోనే.

అందుకే ఈ మార్గదర్శిని పని జరగాల్సిన వరుసలో రాస్తున్నాను. దిగుడుబావి, మెట్లబావి, గుడి కోనేరు, మూడింటికీ ఇది వర్తిస్తుంది. ఊరి బురుజుకో పాత సత్రానికో కూడా చాలా అంశాలు పనికొస్తాయి. వరుస మాత్రం మార్చకండి. పనులు పాడైన చోట్ల నేను చూసిన కారణం చాలావరకు డబ్బు లేకపోవడం కాదు, నాలుగో పని మొదట చేయడం.

## 1. మొదటి వారం ఏదీ ముట్టుకోవద్దు

చీపురు కూడా పట్టకండి. వారం రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి చూడండి. వాన పడుతుంటే గొడుగు వేసుకుని మరీ వెళ్ళండి. నీళ్ళు ఏ వైపు నుంచి వస్తున్నాయో, ఏ రాళ్ళ సందుల్లోంచి కారుతున్నాయో వానలోనే కనిపిస్తుంది.

చూడాల్సినవి:

- ఏ గోడైనా కడుపు ఉబ్బినట్టు లోపలికి వచ్చిందా
- పగుళ్ళు ఎక్కడున్నాయి, నిలువునా అడ్డంగానా
- రావి, మర్రి, మేడి మొక్కలు ఏ రాళ్ళ మధ్య మొలిచాయి
- ఇళ్ళ మురుగు కాలువ ఏదైనా బావిలోకి వస్తోందా
- గట్టుకు ఆనుకుని బరువు బండ్లు తిరుగుతున్నాయా
- లోపల ఎవరైనా ఇప్పటికీ దీపం పెడుతున్నారా, మొక్కుతున్నారా

పగులు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. పగులుకు అటూ ఇటూ పెన్సిల్‌తో చిన్న గీతలు పెట్టి, మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి తేదీతో రాసుకోండి. పదిహేను రోజులకోసారి మళ్ళీ కొలవండి. దూరం పెరుగుతుంటే ఆ గోడ దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి. ఇంజినీరు చూసేదాకా చుట్టూ తాడు కట్టి ఉంచండి.

పాములు, కందిరీగలు ఉంటాయి. పాములు పట్టేవాళ్ళ ఫోన్ నంబరు ముందే దగ్గర పెట్టుకోండి.

## 2. బావి ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి

"ఊరందరిదీ" అని అందరూ చెబుతారు. పని సగంలో ఉండగా ఒకాయన పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని వస్తాడు. అప్పుడు కోర్టు గొడవ, పని బంద్.

తహసీల్దారు ఆఫీసులో సర్వే నంబరుతో మొదలుపెట్టండి. తెలంగాణలో సేత్వార్ (పాత సర్వే రిజిస్టరు), ఖాస్రా పహాణీ (పాత భూమి, సాగు రికార్డు), గ్రామ నక్షా (ఊరి పటం) అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్ (సాగు రికార్డు), ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు హద్దుల కొలతల పటం) అడగండి. పాత రికార్డులో "బావి", "కుంట", "గ్రామకంఠం", "పోరంబోకు" అనే మాటలు ఎక్కడున్నా జిరాక్స్ తీసుకోండి. ఆఫీసులో సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

తర్వాత బావి ఏ కోవలోకి వస్తుందో చూడండి.

కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే: మీరు చేతులు పెట్టడానికి లేదు. 2010లో సవరించిన 1958 నాటి చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకునే ఏదైనా చేయాలి. శాఖకు వినతి ఇచ్చి వెంటపడటమే మీ పని.

రాష్ట్ర శాఖ జాబితాలో ఉంటే: తెలంగాణలో వారసత్వ శాఖ, ఆంధ్రప్రదేశ్‌లో పురావస్తు, మ్యూజియంల శాఖ. తెలంగాణకు 2017లో ప్రత్యేకంగా వారసత్వ చట్టం వచ్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా రాయి కదపకండి.

గుడి కోనేరైతే: దేవాదాయ శాఖను, పూజారిని, ధర్మకర్తలను ముందే కలవండి.

పంచాయతీదైతే: దారి సులువు. గ్రామసభ తీర్మానం ముఖ్యం.

పట్టా భూమిలో ఉంటే: యజమానితో రాతకోతలు చేసుకోండి. పని అయ్యాక ఊరివాళ్ళు రావడానికి దారి ఉంటుందా, నీళ్ళు ఎవరు వాడతారు, అన్నీ ముందే రాయించండి. నోటి మాట మీద మాత్రం లక్షలు ఖర్చు పెట్టకండి.

తెలంగాణ మొత్తంలో కేంద్ర శాఖ కింద ఉన్న కట్టడాలు పట్టుమని పది కూడా లేవు. మీ ఊరి బావి ఏ జాబితాలోనూ లేకపోవడమే ఎక్కువ సార్లు జరిగేది. అలాంటప్పుడు దానికి దిక్కు మీరే.

## 3. ఊరిని కూర్చోబెట్టండి

పది మంది కుర్రాళ్ళు బావిని శుభ్రం చేయగలరు. దాన్ని ఏళ్ళ తరబడి కాపాడటం మాత్రం ఊరంతా పూనుకుంటేనే అవుతుంది.

కమిటీలో వీళ్ళు తప్పనిసరిగా ఉండాలి: బావి పక్కింటి వాళ్ళు, మహిళా సంఘం నుంచి ఇద్దరు, ఒక టీచరు, రాతిపని తెలిసిన వడ్డెర మేస్త్రి, పంచాయతీ కార్యదర్శి. పక్కింటి వాళ్ళను మర్చిపోతే పూడిక తీసిన మర్నాడే వాళ్ళ చెత్త మళ్ళీ బావిలో పడుతుంది.

ఇంకొక మాట సూటిగా చెప్పుకోవాలి. ఈ బావుల్లో చాలా వాటిలోకి ఒకప్పుడు దళితులను దిగనివ్వలేదు. ఆ అవమానం గుర్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు. "మన ఊరి బావి" అని మైకులో చెబితే, వాళ్ళకు అది ఎన్నడూ తమది కాని బావే. కాబట్టి దళితవాడ నుంచి కమిటీలోకి తీసుకోండి, పేరుకు కాదు, ఖర్చు సంతకాల్లో కూడా. బాగుపడ్డాక అందరికీ ఒకే దారి, ఒకే మెట్లు అని తీర్మానంలో రాయించండి. ఇది రాయకుండా మొదలుపెట్టిన పనికి నేనైతే వెళ్ళను.

పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. "తాతా, నీళ్ళు ఏ మెట్టు దాకా ఉండేవి? మోట ఎటువైపు ఉండేది? ఎండాకాలం ఎండేదా? ఊట ఏ మూల?" ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఊట ఏ మూల ఉందో ఒక అవ్వ చెప్పిన మాట, తర్వాత పూడిక తీసేటప్పుడు మీకు చాలా రోజుల పని తగ్గిస్తుంది.

## 4. కొలవండి, ఫోటో తీయండి, గీయండి

ఈ అధ్యాయాన్ని దాటేయాలని అందరికీ ఉంటుంది. దాటేయకండి. రేపు ఒక రాయి పడిపోతే, అది ఎక్కడిదో చెప్పేది ఈ ఫోటోలే.

1. బావికి నాలుగు మూలలకు అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెట్టండి. గోడలను అ-ఆ, ఆ-ఇ అని పిలవండి. ఇకపై అందరూ ఇవే పేర్లు వాడాలి.
2. ప్రతి గోడకూ ఎదురుగా నిలబడి, కింది నుంచి పైదాకా, ఎడమ నుంచి కుడికి వరుసగా ఫోటోలు తీయండి. ప్రతి ఫోటోలో స్కేలో, అడుగుల గుర్తులున్న కర్రో కనిపించాలి.
3. పొడవు, వెడల్పు, కనిపించే లోతు, ఒక్కో మెట్టు ఎత్తు, మెట్ల సంఖ్య రాసుకోండి.
4. శాసనం కనిపిస్తే తడిబట్టతో కూడా తుడవకండి. అక్షరాల్లో సుద్ద, సున్నం, రంగు నింపకండి. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో ఫోటో తీసి రాష్ట్ర శాఖకు పంపండి.
5. ఫోటోలన్నీ కనీసం ముగ్గురి దగ్గర వేరువేరుగా దాచండి.

ఇక్కడే లెక్క కూడా వేసుకోండి. పూడిక 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు ఉందనుకుందాం. అంటే 4,000 ఘనపుటడుగులు. ట్రాక్టర్ ట్రాలీకి సుమారు 100 ఘనపుటడుగులు పడుతుంది కాబట్టి 40 ట్రిప్పులు. తవ్విన మట్టి పొంగుతుంది కనుక 50 అని రాసుకోండి. అదే జాగాలో నీళ్ళు నిండితే దాదాపు 1,13,000 లీటర్లు. గ్రామసభలో ఈ రెండు అంకెలూ చెప్పండి. "ఇంత మట్టి తీస్తే ఇన్ని నీళ్ళు" అంటే అందరికీ అర్థమవుతుంది.

## 5. డబ్బు, మనుషులు

ఒకే చోటి నుంచి మొత్తం డబ్బు వస్తుందని ఎదురుచూడకండి. పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో దారి వెతకండి.

మట్టిపనికి, కాలువలకు ఉపాధి హామీ కింద వీలవుతుందేమో ఎంపీడీవో ఆఫీసులో అడగండి. సంప్రదాయ నీటి వనరుల పునరుద్ధరణ ఆ పథకం పనుల్లో ఉంటూ వచ్చింది. రాతిపని, సున్నపు పనికి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అడగొచ్చు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ స్పష్టంగా ఉంది. ఉత్తరంలో ఈ మాట రాయండి.

విదేశాల్లో ఉన్న మన ఊరివాళ్ళు సాయం చేస్తామంటే ఒక జాగ్రత్త. భారత పాసుపోర్టు ఉన్నవారు తమ సొంత డబ్బు మామూలు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉన్న సంస్థ కావాలి. మన పిల్లలే కదా అని కమిటీ ఖాతాలో వేయించుకోకండి.

మనుషుల విషయంలో, పరిరక్షణ పనిలో అనుభవమున్న ఒక ఆర్కిటెక్టు, ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు కనీసం రెండుసార్లు వచ్చి చూడాలి. వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ స్థానిక శాఖలను, మీ జిల్లాకు దగ్గర్లోని ఆర్కిటెక్చర్ కాలేజీని అడగండి. విద్యార్థులు కొలతల పనికి ఉత్సాహంగా వస్తారు.

## 6. బావిలోకి దిగే ముందు

ఈ భాగం దయచేసి రెండుసార్లు చదవండి.

చాలాకాలంగా మూతపడిన బావుల్లో, కుళ్ళిన చెత్త ఉన్న బావుల్లో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, విషవాయువులు పేరుకుంటాయి. ఒకరు దిగి పడిపోతే, కాపాడాలని ఇంకొకరు దూకుతారు. బావుల్లో ఒకేసారి ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మనం ఎన్నో చదివాం. ఎక్కువ సార్లు తర్వాత దిగినవాళ్ళే చనిపోతారు.

దీపం దింపి చూడటం పాత పద్ధతి. దీపం ఆరిపోతే దిగకూడదన్నది నిజం. దీపం వెలుగుతోంది కాబట్టి దిగొచ్చు అన్నది నిజం కాదు, చెత్తలోంచి వచ్చే విషవాయువు దీపాన్ని ఆర్పకుండానే మనిషిని చంపగలదు. నాలుగు వాయువులు చూపించే మీటరు అద్దెకు తెచ్చుకోండి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువ చూపిస్తే, లేదా మీటరు అలారం మోగితే ఎవరూ దిగకూడదు.

ప్రతిరోజూ దిగే ముందు:

- మీటరును తాడుతో కింది దాకా దింపి చూశామా
- దిగేవాళ్ళకు హెల్మెట్, నడుముకు బెల్టు, పైన తాడు పట్టుకునే ఇద్దరు ఉన్నారా
- బ్లోయర్‌తో గాలి ఆడిస్తున్నామా
- డీజిల్ ఇంజిన్ బావి బయటే, గాలి వాలుకు దూరంగా ఉందా
- "ఎవరైనా పడిపోతే నేను దూకను, తాడుతో లాగుతాను, 108కి, 101కి ఫోన్ చేస్తాను" అని అందరితో చెప్పించామా

డీజిల్ ఇంజిన్‌ను లోపలి మెట్టు మీద పెట్టడం మామూలుగా జరిగే తప్పు. దాని పొగ లోపలే నిలిచి ప్రాణం తీస్తుంది. మురుగు చేరిన బావిలోకైతే మనిషిని దింపనే వద్దు, ముందు యంత్రంతో మురుగు లాగించండి.

## 7. నీళ్ళు నెమ్మదిగా తోడండి, పూడిక పొరలుగా తీయండి

మా మొదటి బావిలో నేను చేసిన తప్పు ఇది. రెండు పెద్ద మోటార్లు పెట్టి ఒకటిన్నర రోజుల్లో నీళ్ళన్నీ తోడేయించాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి తూర్పు గోడ పది అడుగుల మేర జారిపోయింది. రాత్రి కావడం వల్ల లోపల ఎవరూ లేరు. పొద్దున్నే ఆ రాళ్ళ కుప్ప ముందు నిలబడ్డ క్షణం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎందుకు కూలిందో తర్వాత ఇంజినీరు చెప్పాడు. గోడ వెనక మట్టిలో కూడా నీళ్ళు ఉంటాయి. బావిలో నీళ్ళున్నంత కాలం రెండు వైపులా ఒత్తిడి సమంగా ఉంటుంది. లోపలి నీళ్ళు ఒక్కసారి తీసేస్తే, వెనకున్న తడిమట్టి గోడను ముందుకు తోస్తుంది.

కాబట్టి రోజుకు ఒకటి రెండు అడుగులకు మించి దించకండి. ప్రతి ఉదయం గోడలు చూసి, కొత్త పగులు లేదంటేనే మోటారు వేయండి. ఎండాకాలం చివర్లో, నీటిమట్టం దానంతటదే తగ్గినప్పుడు ఈ పని పెట్టుకోవడం మేలు. తాబేళ్ళు, చేపలు ఉంటే దగ్గరి చెరువులోకి చేర్చండి.

పూడిక తీయడంలో వరుస:

1. పైనున్న ప్లాస్టిక్, గాజు, బట్టలు చేత్తో ఏరి వేరుగా పంపండి.
2. మట్టిని రెండు అడుగుల పొర చొప్పున, మధ్య నుంచి మొదలుపెట్టి గోడల వైపు తీయండి. గోడను ఆనుకున్న మట్టి అన్నింటికంటే చివర.
3. బరువు పైకి లాగడానికి క్రేనో, గిలకలతో తట్టలో వాడండి. క్రేన్ కాళ్ళు గట్టుకు కనీసం బావి లోతంత దూరంలో ఉంటే మంచిది. చోటు లేకపోతే ఇంజినీరును అడిగే పెట్టండి.
4. తీసిన మట్టిని ఒకచోట పరిచి జల్లెడ పట్టండి. విగ్రహం ముక్క, నాణెం, కుండ పెంకు, చెక్కిన రాయి, ఏది దొరికినా ఏ గోడ దగ్గర ఎంత లోతులో దొరికిందో రాసి ఫోటో తీయండి.
5. పడిపోయిన రాళ్ళను పారేయకండి. ప్రతి రాయికీ నంబరు వేసి వరుసగా పేర్చండి. రేపు గోడకు కావాల్సినవి అవే.

నాణేలు, నగలు దొరికితే ఇంటికి పట్టుకెళ్ళడం నేరం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, భూమిలో దొరికింది పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు తెలపాలి. ఈ సంగతి పని మొదటి రోజే కూలీలందరికీ చెప్పండి. గుప్తనిధుల పుకారు లేచిందంటే రాత్రిళ్ళు తవ్వేవాళ్ళు వస్తారు, కాబట్టి పని సాగినన్నాళ్ళు కాపలా ఉంచండి.

అడుగున గట్టి పొర తగిలాక ఆగండి. ఇంకా లోతు తవ్వితే నీళ్ళు ఎక్కువ వస్తాయని ఎవరో ఒకరు అంటారు. గోడ పునాది కింద తవ్వడమంటే కుర్చీలో కూర్చున్నవాడి కింద కుర్చీ లాగడమే.

## 8. మొక్కలను పీకకండి, కోయండి

రాళ్ళ మధ్య మొలిచిన రావి మొక్కను పీకితే వేళ్ళతో పాటు రాయి ఊడివస్తుంది. వేలెడు లావు దాటిన ప్రతి మొక్కనూ మొదలు దగ్గర కోసేయండి. లోపలి వేరు చావడానికి ఏం మందు పెట్టాలో వ్యవసాయ అధికారిని అడగండి, బావి నీళ్ళలో కలిసేది కాబట్టి ఇక్కడ సొంత వైద్యం వద్దు. వేరు ఎండి కుంచించుకున్నాక ఖాళీలో సున్నం నింపాలి. యాసిడ్ పోయడం అస్సలు వద్దు, అది సున్నాన్నీ రాతినీ కూడా తినేస్తుంది.

పెద్ద చెట్టయి గోడను పట్టుకుని ఉంటే, ఒక్కోసారి ఆ చెట్టే గోడను నిలబెడుతూ ఉంటుంది. దాని సంగతి ఇంజినీరుకు వదిలేయండి.

## 9. గోడల మరమ్మతు: సిమెంటు వద్దు, సున్నమే

పాత గోడ ఊపిరి పీల్చుకుంటుంది. లోపలి తడి సున్నపు అతుకుల్లోంచి బయటికి వచ్చి ఆరుతుంది. ఆ అతుకులను సిమెంటుతో మూసేస్తే తడి లోపలే ఉండి రాతిలోంచి దారి వెతుక్కుంటుంది. రెండు మూడు వానాకాలాల్లో సిమెంటు నిక్షేపంగా ఉంటుంది, దాని పక్క రాయి పొరలుగా రాలిపోతుంది. ఇటుక గోడైతే ఇంకా తొందరగా.

కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలోని పెద్ద బావి 2013 వానల్లో ఒక పక్క కూలింది. దాన్ని పాత పద్ధతిలోనే మళ్ళీ నిలబెట్టారు. గోల్కొండ దిగుడుబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట పనికీ అదే ఏడాది ఆ పురస్కారం దక్కింది. వీలైతే మీ మేస్త్రిని ఒకసారి అక్కడికి తీసుకెళ్ళి చూపించండి. బస్సు చార్జీలు గిట్టుబాటు అవుతాయి.

డంగు సున్నం (గానుగలో తిప్పి చేసే సున్నం) తయారీ క్లుప్తంగా:

- కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో వేయాలి, నీళ్ళను దాని మీద పోయడం కాదు. భగ్గున పొంగి ఒళ్ళు, కళ్ళు కాలతాయి. కళ్ళద్దాలు, గ్లౌజులు ఉండాల్సిందే. పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు.
- ఆ ముద్దను నీళ్ళలో మునిగేలా కొన్ని వారాలు మాగనివ్వాలి. ఎంత మాగితే అంత మంచిది. కాబట్టి సున్నపు తొట్టి పని మొదటి నెలలోనే తవ్వించండి, గోడ పని వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది.
- జల్లెడ పట్టి, శుభ్రమైన ఇసుక కలిపి గానుగలో తిప్పాలి. సాధారణంగా సున్నం ఒకటికి ఇసుక రెండు నుంచి మూడు పాళ్ళు. నీళ్ళు తగిలే చోట మెత్తటి ఇటుక పొడి కూడా కలుపుతారు.
- కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలపడం మన మేస్త్రీల అలవాటు. పాళ్ళు ఊరూరికీ మారతాయి కాబట్టి ముందు చిన్న గోడ మీద కట్టి చూడండి.
- పూసిన చోట తడి గోనెసంచులు కప్పి కనీసం రెండు వారాలు ఆరనివ్వకుండా చూడాలి. సున్నం తొందరగా ఆరితే పొడిపొడిగా రాలుతుంది.

అతుకు నింపే ముందు పాత పొడిని చేత్తో గీకి తీయండి. గ్రైండర్ వాడితే రాళ్ళ అంచులు పోతాయి.

గోడ మొత్తం విప్పి కట్టాలన్న సలహా వస్తే వెంటనే ఒప్పుకోకండి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే, తిరిగి తెరిచింది 2024 మార్చిలో. ఎంతో నైపుణ్యం ఉన్న చోటే అన్నేళ్ళు పట్టింది. మన ఊళ్ళో విప్పిన గోడ విప్పినట్టే ఉండిపోయే ప్రమాదం ఎక్కువ. జారిన భాగం వరకే తీసి, నంబర్ల ప్రకారం అదే రాయిని అదే చోట పెట్టించండి.

రంగులు వేయకండి. ప్రారంభోత్సవం కోసం చెక్కిన స్తంభాలకు ఎనామిల్ పూసిన బావిని చూశాను. దాన్ని వదిలించడానికి అయిన ఖర్చు వేయడానికి అయినదానికి ఎన్నో రెట్లు.

## 10. నీళ్ళు వచ్చే దారి చూడండి

పూడిక తీసి, గోడలు కట్టి, లోపలికి మురుగే వస్తుంటే చేసిందంతా వృథా. ముందు మురుగు కాలువ మళ్ళించాలి. మరుగుదొడ్ల గుంతలు గట్టు పక్కనే ఉంటే వాటి సంగతి కూడా పంచాయతీలో తేల్చాలి.

తర్వాత వాననీళ్ళు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. దగ్గర్లోని బడి కప్పు 200 చదరపు మీటర్లు అనుకుంటే, 50 మిల్లీమీటర్ల ఒక్క వానకు 10,000 లీటర్లు. అందులో కొంత పోయినా మిగిలేది తక్కువ కాదు. ఆ నీళ్ళు నేరుగా బావిలో పడేయకుండా, కంకర, ఇసుక వేసిన గుంతలోంచి పంపండి. మొదటి వాన నీళ్ళు దుమ్ముతో ఉంటాయి, వాటిని బయటికే వదిలేయండి.

బావి నిండింది కదా అని తాగొద్దు. పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాల్లో అయితే మరీ ముఖ్యం. తాగడానికి పనికిరాకపోయినా మొక్కలకు, పశువులకు, శుభ్రతకు ఎంతో పనికొస్తాయి. చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం ముందూ తర్వాతా కొలిచి రాసిపెట్టండి. బావి ఊరికేం ఇచ్చిందని అడిగిన రైతుకు చూపించడానికి అంతకు మించిన లెక్క లేదు.

## 11. బావికి ఒక పని పెట్టండి

పని లేని బావి మళ్ళీ చెత్తకుండీ అవుతుంది. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి దశాబ్దాల చెత్త కింద పూడుకుపోయి ఉండేది. 22 లక్షల లీటర్లు పట్టే ఆ బావిని బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. ఇప్పుడు జనం దాన్ని చూడటానికి వస్తున్నారు. మీ ఊరికి అంతమంది రాకపోవచ్చు, రావాల్సిన అవసరమూ లేదు. ఊరివాళ్ళు రోజూ వస్తే చాలు.

నేను చూసినవాటిలో బాగా కుదిరినవి చెబుతాను. సాయంత్రం పెద్దవాళ్ళు కూర్చునే అరుగు. బడిపిల్లలు నెలకోసారి నీటిమట్టం కొలిచి గోడ మీద రాసే చార్టు. బతుకమ్మ ఆట గట్టు మీద ఆడి, పూలు మాత్రమే నీళ్ళలో వదిలి, మూడో రోజు మహిళా సంఘమే ఎత్తేసే ఏర్పాటు. పక్క తోటకు రోజుకు ఇన్ని గంటలే మోటారు అన్న కట్టుబాటు. అలాగే, ఈ పనిలో సున్నం నేర్చుకున్న మేస్త్రీలకు పక్క ఊళ్ళ నుంచి పిలుపు వస్తుంది. పోతున్న పని మళ్ళీ నలుగురికి కూడు పెట్టడం నాకు అన్నిటికంటే ఆనందం.

రసాయన రంగుల విగ్రహాల నిమజ్జనం మాత్రం ఒప్పుకోకండి. ఒక్కసారి ఒప్పుకుంటే ఏటా ఆపలేరు. లోతైన బావికి గట్టు చుట్టూ పిట్టగోడో, కటకటాలో తప్పనిసరి, ఈత రాని పిల్లలుంటారు. వాటిని పాత రాతికి బోల్టులు కొట్టకుండా విడిగా నిలబెట్టండి.

## 12. తప్పు జరిగిపోతే

ఇప్పటికే సిమెంటు పూశారు. కంగారుగా కొట్టించకండి. వదులైన చోట్ల మాత్రమే చిన్న ఉలితో మెల్లగా తీయించండి. రాతిని గట్టిగా పట్టుకున్న చోట అలాగే వదిలేసి, అది పగిలినప్పుడు సున్నంతో మార్చండి.

మెట్ల మీద టైల్స్ వేశారు. జారి పడతారు, తడి కింద నిలుస్తుంది. ఒక్కో వరుస తీయించి కింది రాయి చూడండి, చాలాసార్లు బాగానే ఉంటుంది.

పూడిక తీశాక నీళ్ళు ఊరలేదు. టెన్షన్ పడకండి. చుట్టూ బోర్లు ఎక్కువైతే ఊట పడిపోయి ఉంటుంది. వాననీళ్ళు మళ్ళించి రెండు వానాకాలాలు చూడండి.

డబ్బు సగంలో అయిపోయింది. అతుకులు తెరిచి ఉంచకండి. తీసిన చోట్లు సున్నంతో మూసి, జారే గోడకు కర్రల ఆసరా పెట్టి, గట్టు మీది నీళ్ళు బావి వైపు రాకుండా కట్ట వేసి ఆపండి.

కమిటీలో గొడవ. ఖర్చుల లెక్క నెలనెలా పంచాయతీ గోడకు అంటిస్తే సగం గొడవలు రావు.

## 13. ఏడాదికి నాలుగు పనులు

- ఏప్రిల్-మే: నీటిమట్టం తక్కువ ఉన్నప్పుడు అడుగు మట్టి తీయడం, పగుళ్ళ గీతలు కొలవడం, అతుకులు నింపడం. ఎండ మండే వేళ సున్నం పని వద్దు.
- జూన్ మొదటి వారం: వాననీటి కాలువలు, ఇసుక గుంత శుభ్రం.
- అక్టోబరు: వానలకు మొలిచిన రావి, మర్రి పిలకలు వేలెడు లావు కాకముందే తీసేయడం. ఇది మానేస్తే ఐదేళ్ళలో మళ్ళీ మొదటికే వస్తారు.
- జనవరి: మొదట తీసిన చోట్ల నుంచే, అదే వరుసలో అ-ఆ గోడ నుంచి మళ్ళీ ఫోటోలు. పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉన్న చోటికి మేస్త్రిని పిలవండి.

ఈ నాలుగింటికీ పేరు పేరునా ఎవరు బాధ్యులో రాసి, ఫోన్ నంబర్లతో పంచాయతీ ఆఫీసులో అంటించండి. మేస్త్రి పేరు కూడా అందులో ఉండాలి, ఏటా ఆయన కూలీకి ఎంత పక్కన పెట్టారో ఆ అంకెతో సహా.